లేన్ మీది నూనెను చదివి బౌలింగ్ బంతిని ఎంచుకోవడం ఎలా?

బౌలింగ్ లేన్ ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకేలా మెరుస్తుంది. ఆ మెరుపును నమ్మకూడదు. ఫౌల్ లైన్ (బంతి వేసేటప్పుడు దాటకూడని గీత) నుంచి మొదటి పిన్ దాకా 60 అడుగుల దూరం ఉంటే, సాధారణంగా మొదటి 40 అడుగుల వరకే నూనె పూస్తారు. మిగిలిన 20 అడుగులూ దాదాపు పొడిగా ఉంటుంది. ఆట అంతా ఈ రెండు భాగాల మధ్య తేడా మీద నడుస్తుంది.

చేతిలోంచి వదిలిన బంతి మూడు దశల్లో వెళ్తుంది. నూనె మీద ముందు జారుతుంది. పొడి తగలగానే పట్టు దొరికి మలుపు తిరుగుతుంది, దీన్నే హుక్ అంటాం. ఆ తర్వాత జారుడు పూర్తిగా ఆగి, దొర్లుతూ పిన్‌లలోకి దూసుకెళ్తుంది. బంతిని ఎంచుకోవడం అంటే ఈ మార్పులు లేన్ మీద ఎక్కడ జరగాలో నిర్ణయించడమే. హుక్ మరీ ముందే మొదలైతే పిన్‌ల దగ్గరికి వెళ్లేసరికి బంతిలో సత్తువ ఉండదు. మరీ ఆలస్యమైతే పాకెట్‌కు (కుడిచేతి వాళ్లకు 1, 3 పిన్‌ల మధ్య సందు) చేరదు, చేరినా పిన్‌లకు తగిలి పక్కకు కొట్టుకుపోతుంది.

నేను పాటించే క్రమం ఇది: ముందు నూనె, తర్వాత మీ చేతి తీరు, ఆ తర్వాత బంతి పైతలపు గరుకు, ఆపైన కవర్ (బంతి బయటి పొర) రకం, అన్నిటికన్నా చివర లోపలి కోర్. కొత్త బంతి కొనేవాళ్లు ఎక్కువమంది దీన్ని తలకిందులు చేస్తారు. డబ్బా మీద కోర్ బొమ్మ చూసి మోజుపడి, గరుకు సంగతి ఎప్పటికీ పట్టించుకోరు.

కింద చెప్పిందంతా కుడిచేతి ఆటగాళ్ల లెక్క. ఎడమచేతి వాళ్లు దిక్కులు తిప్పి చదువుకోవాలి.

1. నూనె పొడవు, మోతాదు, ఆకారం తెలుసుకోండి

అన్నిటికంటే పొడవు ముఖ్యం. నూనె పూసిన తీరును ప్యాటర్న్ అంటారు. 36 అడుగులు, అంతకన్నా తక్కువైతే పొట్టి ప్యాటర్న్. 37 నుంచి 41 దాకా మధ్యస్థం. 42, అంతకన్నా ఎక్కువైతే పొడవైనది. పొడవు తెలిస్తే ఒక చిన్న లెక్క చాలు: అందులోంచి 31 తీసేయండి. వచ్చిన అంకె, నూనె అయిపోయే చోట మీ బంతి ఏ బోర్డు (లేన్ పొడవునా సాగే సన్నటి పలక) మీద ఉండాలో చెబుతుంది. 40 అడుగుల ప్యాటర్న్ అయితే 9వ బోర్డు. 35 అయితే 4వ బోర్డు, అంటే దాదాపు గటర్ (లేన్ అంచు కాలువ) పక్కన. 44 అయితే 13. లేన్ అడ్డంగా మొత్తం 39 బోర్డులు ఉంటాయి కాబట్టి కుడి అంచు నుంచి లెక్కపెట్టుకోండి. ఎదురుగా కనిపించే బాణం గుర్తులు అయిదేసి బోర్డులకు ఒకటి చొప్పున ఉంటాయి. రెండో బాణం అంటే 10వ బోర్డు.

ఈ లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పడానికే తప్ప అదే శాసనం కాదు. ప్రొఫెషనల్ పోటీల్లో వాడే బ్యాడ్జర్ ప్యాటర్న్ పొడవు 52 అడుగులు. దానికి ఈ లెక్క వేస్తే 21 వస్తుంది, లేన్ నడిబొడ్డు దాటి అవతలికి! అలాంటి చోట అర్థం చేసుకోవాల్సింది ఒకటే. ఆడాల్సింది లోపలి వైపు, బంతిని బయటికి వదిలితే తిరిగి రాదు.

మోతాదును మిల్లీలీటర్లలో చెబుతారు. స్థూలంగా 20 మి.లీ. లోపు తక్కువ, 20–25 మధ్యస్థం, ఆ పైన ఎక్కువ అనుకోవచ్చు. పొడవూ మోతాదూ వేర్వేరు సంగతులని మాత్రం మరవకండి. పొట్టిగా ఉన్నా చిక్కగా పూసిన లేన్ ఉంటుంది, పొడవుగా ఉన్నా పల్చగా పూసినదీ ఉంటుంది.

మూడోది ఆకారం, అంటే మధ్యలో ఎంత నూనె, అంచుల్లో ఎంత అన్నది. మామూలు సెంటర్లలో రోజువారీ ఆటకు పూసే హౌస్ ప్యాటర్న్‌లో నూనె మధ్యలో గుట్టగా, అంచుల్లో చాలా తక్కువగా ఉంటుంది. ఈ తేడా 8:1, 10:1 దాకా పోతుంది. దీనివల్ల బంతి పొరపాటున బయటికి వెళ్తే పొడి దాన్ని వెనక్కి లాగుతుంది, లోపలికి వస్తే నూనె ఆపుతుంది. రెండు వైపులా గోడ కట్టినట్టే. పోటీ స్థాయి స్పోర్ట్ ప్యాటర్న్‌లలో ఈ నిష్పత్తి సుమారు 3:1కి, అంతకన్నా దిగువకు వస్తుంది. అక్కడ గోడలుండవు. రెండు బోర్డుల గురి తప్పితే రెండు బోర్డుల శిక్ష తప్పదు.

ఈ వివరాలు అడిగితే చెబుతారు. పోటీల్లో ప్యాటర్న్ పటం ముందే ఇస్తారు. మామూలు రోజుల్లో కౌంటర్ దగ్గర రెండు ప్రశ్నలు వేయండి: ఎన్ని అడుగుల ప్యాటర్న్, ఎప్పుడు పూశారు? రెండో ప్రశ్నకే విలువ ఎక్కువ. ఉదయం పూసి, రోజంతా జనం ఆడాక సాయంత్రం మీకు దొరికే లేన్‌కూ పటంలో ఉన్నదానికీ చుట్టరికం తక్కువ.

2. ఒక మధ్యస్థ బంతితో లేన్‌ను పరీక్షించండి

ఇందుకు మీ సంచిలో అన్నిటికన్నా బలమైన బంతి పనికిరాదు, అన్నిటికన్నా బలహీనమైనదీ పనికిరాదు. 2000 లేదా 3000 గరుకులో ఉన్న మామూలు సాలిడ్ గానీ హైబ్రిడ్ గానీ తీసుకోండి (ఈ అంకెల సంగతి 4వ భాగంలో, రకాల సంగతి 5వ భాగంలో చెబుతాను). దాని నడత మీకు కంఠతా వచ్చి ఉండాలి. దీన్నే బెంచ్‌మార్క్ బంతి అంటారు. సంచిలో ఒకే ఒక మంచి బంతి ఉండే వీలుంటే అది ఇదే అయి ఉండాలని నా అభిప్రాయం.

ముందు రెండో బాణం మీదుగా రెండు మూడుసార్లు వేయండి. తర్వాత 5వ బోర్డు మీదుగా, ఆపైన 15వ బోర్డు మీదుగా ఒక్కోసారి. వేగం, చేతి తీరు మార్చకండి. పిన్‌లు ఎన్ని పడ్డాయన్నది ఇప్పుడు అనవసరం. చివరి 20 అడుగుల్లో బంతి ఏం చేస్తోందో చూడండి. 5వ బోర్డు మీద వేసినది గట్టిగా వెనక్కి తిరిగి, 15 మీద వేసినది తిన్నగా పోతే మీ ముందున్నది హౌస్ ప్యాటర్న్. రెండూ దాదాపు ఒకేలా కదిలితే నూనె చదునుగా పూశారన్న మాట.

బంతి తిరిగొచ్చాక తుడిచే ముందు దాని మీది నూనె గీతల్ని చూడండి. గీతలు చిక్కగా, తడిగా ఉంటే మోతాదు ఎక్కువ. పల్చగా, చుక్కలు చుక్కలుగా ఉంటే తక్కువ, లేదా లేన్ వాడకంతో అరిగిపోయింది. గీతలు విడివిడిగా విచ్చుకుని కనిపిస్తే బంతి ప్రతి చుట్టులోనూ కొత్త పొడి తలాన్ని లేన్‌కు అందిస్తోందని అర్థం. ఆ విచ్చుకోవడాన్నే ఫ్లేర్ అంటారు.

ఇప్పుడు పిన్‌ల సంగతి. మిగిలిపోయిన పిన్ చెప్పినంత నిజం ఇంకేదీ చెప్పదు, కానీ దాన్ని తప్పుగా చదవడం చాలా తేలిక. పాకెట్‌లో తగిలినా 10వ పిన్ (వెనక వరసలో కుడి చివరిది) నిలబడిందనుకోండి. దాని ముందున్న 6వ పిన్ ఏం చేసిందో చూడాలి. ఎగిరి 10వ పిన్ మెడ చుట్టూ తిరిగి పోయిందంటే బంతిలో సత్తువ ఉన్నట్టే. నిలబడే చోటులో ఒక చిన్న సవరణ చాలు, బంతి మార్చక్కర్లేదు. 6వ పిన్ నీరసంగా గటర్‌లో పడుకుంటే మాత్రం బంతి దెబ్బ బలహీనంగా తగిలిందని.

ఈ బలహీనతకు రెండు కారణాలుంటాయి, రెండూ ఒకదానికొకటి వ్యతిరేకం. బంతి ముందే హుక్ అయి శక్తి ఖర్చు చేసుకుని ఉండవచ్చు, లేదా చివరిదాకా జారుతూనే వచ్చి ఉండవచ్చు. చాలామంది ఎటూ ఆలోచించకుండా “ఇంకా బలమైన బంతి కావాలి” అంటారు. మొదటి కారణమైతే అది ఇంకా ముందే హుక్ అయి ఇంకా నీరసంగా తగులుతుంది. అందుకే కళ్లు లేన్ మధ్యలో ఉండాలి. బాణాలు దాటిన కాసేపటికే వంపు మొదలై, పిన్‌ల దగ్గర పదును లేకుండా తిన్నగా పోతుంటే నునుపైన, బలహీనమైన బంతికి మారండి. పిన్‌ల ముందు దాకా వంపే కనబడకపోతే అప్పుడు బలమైనది తీయండి.

5వ పిన్ మిగిలితే కూడా బంతి పక్కకు కొట్టుకుపోయిందనే అర్థం. 4వ పిన్ మిగిలితే తలపిన్ మీదకు ఎక్కువగా ఎక్కింది. 9వ పిన్ ఒంటరిగా నిలబడితే బంతి మరీ ఏటవాలుగా లోపలికి దూరిందని. పాకెట్‌లోకి దాదాపు 6 డిగ్రీల కోణంలో వెళ్తే స్ట్రైక్‌కు, అంటే ఒకే బంతికి పది పిన్‌లూ పడడానికి, అవకాశం బాగుంటుంది. మితిమీరిన హుక్ చూడ్డానికి అందమే, స్కోరు బోర్డుకు కాదు.

3. మీ వేగం, మీ తిప్పుడు లెక్కలోకి తీసుకోండి

ఒకే లేన్, ఒకే బంతి ఇద్దరి చేతుల్లో రెండు రకాలుగా పోతుంది. వేగం ఎక్కువ, తిప్పుడు తక్కువ ఉన్నవాళ్ల బంతి నూనెలో ఎక్కువసేపు జారుతుంది. వాళ్లకు గరుకుగా, బలంగా ఉన్న బంతి కావాలి. తిప్పుడు ఎక్కువ, వేగం తక్కువ ఉన్నవాళ్లకు అదే బంతి లేన్ సగంలోనే మలుపు తిరిగేస్తుంది. ఆస్ట్రేలియా ఆటగాడు జేసన్ బెల్మోంటేలా రెండు చేతులతో విసిరి గట్టిగా తిప్పేవాళ్లు వాడిన బంతి చూసి, నిమిషానికి 250 చుట్లు తిప్పే మనిషి అదే కొనుక్కుంటే ఫలితం నిరాశే. నిమిషానికి 300 చుట్ల లోపైతే తక్కువ తిప్పుడు, 400 దాటితే ఎక్కువ అనుకోండి. ఫోన్‌లో నెమ్మది వీడియో తీసి, బంతి మీద అంటించిన టేపు ముక్కను బట్టి చుట్లు లెక్కపెట్టవచ్చు.

4. ముందు గరుకును సవరించండి

బంతి స్వభావాన్ని అన్నిటికన్నా ఎక్కువగా మార్చేది పైతలం. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. రుద్దినప్పుడు తలం మీద పడే సన్నటి గీతలు, వానరోడ్డు మీద టైరు గాడుల్లా నూనెను పక్కకు నెట్టి లేన్‌ను పట్టుకుంటాయి. నునుపుగా మెరిసే బంతికి ఆ గాడులుండవు. నూనె మీద తేలిపోతుంది, పొడి తగిలాకే ఒక్కసారిగా తిరుగుతుంది.

రుద్దే ప్యాడ్‌ల మీద అంకెలుంటాయి. అంకె చిన్నదైతే గరుకు ఎక్కువ. 500, 1000 చిక్కటి నూనెకు. 2000, 3000 మధ్యస్థానికి. 4000, ఆపైన పాలిష్, పల్చటి నూనెకు లేదా వాడి వాడి పొడిబారిన లేన్‌కు. రుద్దేటప్పుడు ప్యాడ్‌ను తడి చేయండి. బంతిని నాలుగు గానీ ఆరు గానీ వైపులుగా విభజించి, ప్రతి వైపూ ఒకే సమయం, ఒకే ఒత్తిడి పెట్టండి. ఒక వైపు ఎక్కువ రుద్దితే ఆ తేడా లేన్ మీద బయటపడుతుంది. దుకాణంలో తిరిగే యంత్రం మీద చేయిస్తే సమంగా వస్తుంది. కానీ చేత్తో చేసుకోవడం నేర్చుకుంటేనే మీకు తలం గురించి అసలు అవగాహన వస్తుంది.

ఇంకో విషయం. 500లో రుద్దిన బంతి 500లోనే ఉండిపోదు. ఆడుతున్న కొద్దీ లేన్ రాపిడికి నునుపెక్కుతుంది, కొన్ని ఆటల్లోనే తేడా తెలుస్తుంది. “బంతి చచ్చిపోయింది” అని చాలామంది అనేది దీన్నే. దాన్ని తిరిగి రుద్దితే లేచి కూర్చుంటుంది. గుర్తింపు ఉన్న పోటీల్లో ఆట మొదలయ్యాక తలాన్ని మార్చకూడదు, కాబట్టి ఈ పని ముందే ముగించుకోండి. ఆట మధ్యలో పొడి గుడ్డతో తుడవడం వరకే.

5. కవర్ రకం

ప్లాస్టిక్ బంతి నూనెనూ పట్టించుకోదు, పొడినీ పెద్దగా పట్టించుకోదు. తిన్నగా పోతుంది. స్పేర్‌లకు, అంటే మొదటి బంతికి మిగిలిన పిన్‌లను పడగొట్టడానికి, ఇంతకన్నా మంచిది లేదు.

1980ల మొదట్లో వచ్చిన యురేథేన్ మెల్లగా, ముందుగా, నిలకడగా వంపు తిరుగుతుంది. చివర్లో ఉలికిపాటు ఉండదు. పొట్టి ప్యాటర్న్‌లో, అంటే చివర్లో 25 అడుగుల పొడి భాగం ఉన్న చోట, ఈ నిదానమే కావాలి. దీనికి ఒక చెడ్డ గుణం కూడా ఉంది: నూనెను పీల్చుకోకుండా ముందుకు మోసుకెళ్లి పొడి భాగంలో పూస్తుంది. కాసేపటికి దాని బాట దానికే జారుడవుతుంది, పక్కవాళ్లకూ ఇబ్బంది అవుతుంది.

1990ల మొదట్లో రియాక్టివ్ రెజిన్ రాకతో ఆటే మారిపోయింది. ఈ కవర్‌లో కంటికి కనిపించని రంధ్రాలుంటాయి, అవి నూనెను పీల్చుకుంటాయి. ఇందులో మూడు రకాలు. సాలిడ్ నూనెలోనే పట్టు వెతుక్కుంటుంది, ముందుగా, గుండ్రంగా తిరుగుతుంది. పెర్ల్ నూనెలో జారిపోయి పొడి తగలగానే చటుక్కున మలుపు తీసుకుంటుంది. హైబ్రిడ్ రెండింటి మిశ్రమం. పాలిష్ చేసిన సాలిడ్, 1000లో రుద్దిన పెర్ల్ ఒకదాని దారిలో ఇంకొకటి నడుస్తాయి. అందుకే గరుకు గురించి ముందు చెప్పాను.

6. కోర్, రంధ్రాల అమరిక

కోర్‌కు రెండు అంకెలుంటాయి. మొదటిది ఆర్‌జీ (రేడియస్ ఆఫ్ జైరేషన్), అంటే బరువు బంతి నడిమి నుంచి ఎంత దూరంగా పరుచుకుందో చెప్పే కొలత. నియమాల ప్రకారం 2.46 నుంచి 2.80 మధ్య ఉండాలి. తక్కువైతే బంతి త్వరగా దొర్లడం మొదలుపెడుతుంది, ఎక్కువైతే ఎక్కువ దూరం జారుతుంది. రెండోది డిఫరెన్షియల్, గరిష్ఠం 0.060. ఇది ఎక్కువైతే ఫ్లేర్ ఎక్కువ, అంటే నూనె అంటని కొత్త తలం ఎక్కువసార్లు లేన్‌ను తాకుతుంది. చిక్కటి నూనెలో ఇది పనికొస్తుంది. అసిమెట్రిక్ (ఆకారం సమంగా లేని) కోర్‌లు మలుపు దగ్గర పదునుగా కదులుతాయి, సిమెట్రిక్ (సమమైన) కోర్‌లు సాఫీగా.

రంధ్రాలు వేయించేటప్పుడు బంతి మీది పిన్ గుర్తు (కోర్ పైభాగం ఎటు ఉందో చూపే చుక్క) వేళ్లకు పైన ఉంటే బంతి సాధారణంగా ఆలస్యంగా, పదునుగా తిరుగుతుంది. కింద ఉంటే ముందుగా, మెత్తగా. 2020 ఆగస్టు నుంచి యూఎస్‌బీసీ (అమెరికా బౌలింగ్ నియమాల సంస్థ) పోటీల్లో బరువు సరిచేసే అదనపు రంధ్రం వాడకూడదు. పాత బంతి కొంటుంటే అది ఉందేమో చూసుకోండి. ఇంతకుమించి మొదటి మూడు బంతుల దాకా కోర్ గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

7. పరిస్థితికి తగ్గ బంతి

పొడవుగా, చిక్కగా పూసిన లేన్: 500–1000 గరుకులో సాలిడ్, తక్కువ ఆర్‌జీ, ఎక్కువ డిఫరెన్షియల్. లోపలి బోర్డుల నుంచి నేరుగా ఆడండి. బయటికి ఊపి వేసే ఆశ మానుకోండి.

మధ్యస్థ హౌస్ ప్యాటర్న్: బెంచ్‌మార్క్ బంతి, రెండో బాణం. ఇక్కడ హైబ్రిడ్ హాయిగా పనిచేస్తుంది. తిప్పుడు తక్కువైతే 2000 సాలిడ్, ఎక్కువైతే మెరుగుపెట్టిన పెర్ల్.

పొట్టి ప్యాటర్న్: యురేథేన్, లేదా పాలిష్ చేసిన బలహీనమైన రియాక్టివ్. గటర్ పక్కనే ఆడాలి. భయమేస్తుంది, కానీ లోపలి నుంచి ఆడితే బంతి తలపిన్ దాటి అవతలికి పోతుంది.

చదునైన స్పోర్ట్ ప్యాటర్న్‌లో పదునైన పెర్ల్ కన్నా మెత్తగా కదిలే సాలిడ్ మేలు. చిన్న తప్పుకు చిన్న నష్టమే ఇస్తుంది.

అంతా ఎండిపోయిన లేన్ మీద తక్కువ డిఫరెన్షియల్ ఉన్న పాలిష్ పెర్ల్ వాడండి. అదీ ఆగకపోతే ప్లాస్టిక్‌తో స్ట్రైక్ ప్రయత్నించడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

8. లేన్ మారుతున్నప్పుడు

ప్రతి బంతీ కొంత నూనెను తీసుకుపోతుంది. ఎక్కువమంది ఆడే రెండో బాణం దారి ముందు పొడిబారుతుంది. మీ బంతి పాకెట్ దాటి తలపిన్ మీదకు ఎక్కడం మొదలైతే అదే సూచన. మొదటి మందు బంతి కాదు, పాదాలు: ఎడమకు రెండు బోర్డులు జరగండి, గురిని ఒక బోర్డు జరపండి. దానితో దారి దొరికితే ఆ బంతినే కొనసాగించండి.

రెండు మూడుసార్లు జరిగాక కూడా బంతి లేన్ మధ్యలోనే అలిసిపోతుంటే అప్పుడు మార్చండి. సాలిడ్ నుంచి హైబ్రిడ్‌కు, హైబ్రిడ్ నుంచి పెర్ల్‌కు. బంతి మార్చినప్పుడు పాదాలు కూడా తిరిగి కొంత కుడికి రావాల్సి రావచ్చు. కొత్త బంతి ఎక్కువ దూరం జారుతుంది కదా. ఎప్పుడూ ఒక్కో మెట్టే దిగండి. సాలిడ్ తీసేసి ఒకేసారి ప్లాస్టిక్‌కు దూకితే మధ్యలో ఏం పనిచేసేదో ఎప్పటికీ తెలియదు.

దీనికి విరుద్ధంగా, బంతి ఉన్నట్టుండి పాకెట్‌కు చేరకుండా తేలికగా తగులుతుంటే నూనె ముందుకు మోసుకుపోయారేమో చూడండి. పక్కన యురేథేన్, ప్లాస్టిక్ ఎక్కువ తిరుగుతుంటే ఇది జరుగుతుంది. అప్పుడు కుడికి జరగండి, లేదా ఒక మెట్టు గరుకైన బంతి తీయండి.

9. సంచి, సంరక్షణ

కొనే వరుస నన్నడిగితే: ముందు బెంచ్‌మార్క్, రెండోది స్పేర్ ప్లాస్టిక్, మూడోది పెర్ల్, నాలుగోది చిక్కటి నూనెకు బలమైన సాలిడ్, అయిదోది యురేథేన్. మీరు ఆడే చోట నూనె ఎప్పుడూ పల్చగానే ఉంటే నాలుగోది ఎప్పటికీ కొనకపోయినా ఫర్వాలేదు.

ప్రతి షాట్ తర్వాత మైక్రోఫైబర్ గుడ్డతో నూనె తుడవండి. ఆట ముగిశాక, బంతి ఇంకా వెచ్చగా ఉండగానే ఆమోదిత క్లీనర్‌తో కడగండి. చల్లారాక లోపలికి దిగిన నూనె తేలికగా బయటికి రాదు. రియాక్టివ్ బంతిని దాదాపు 60 ఆటలకు ఒకసారి తలం కొత్తగా రుద్దించడం మంచిది. ఎంత రుద్దినా స్పందన తిరిగి రాకపోతే దుకాణంలో నూనె లాగించే యంత్రం ఉందేమో అడగండి. ఎండలో నిలిపిన కారు డిక్కీలో మాత్రం బంతిని వదిలేయకండి, ఆ వేడికి కవర్ పగులుతుంది.